ఆటలో అరటిపండు

2025 మార్చిలో ఒక ఆదివారం రాత్రి పద్నాలుగు కోట్లు పెట్టి మొహమ్మద్ షమీని కొన్నాను. కోట్లు ఉత్తుత్తివి, షమీ మాత్రం నిజం. అంతకు రెండు నెలల ముందు, ముక్కనుమ నాడు (కనుమ రోజు మా ఇళ్ళలో ఊరు కదలనివ్వరు), కైకలూరు దగ్గర ఎండగట్టిన ఒక చేపల చెరువులో క్రికెట్ ఆడడానికి జట్లు పంచుకుంటూ మా గూడెం వాణ్ణి వద్దన్నాను. కాలేజీలో వాడే మాకు కొత్త బంతి వేసేవాడు. షమీకి చీలమండ దగ్గర ఆపరేషన్ అయింది. మా వాడికి గుండెలో స్టెంట్ పడింది. ఒకణ్ణి పోటీపడి మరీ తెచ్చుకున్నాను, ఇంకొకణ్ణి అంపైర్‌గా నిలబెట్టాను. ఈ రెండు పనులూ ఒకే మనిషి ఎలా చేశాడో తేల్చుకోవాలని ఒక సినిమా మళ్ళీ చూశాను, రెండు నవలలు మళ్ళీ తిరగేశాను. ఈ వ్యాసం వాటి గురించే. కాకపోతే ముందు ఆట సంగతి చెప్పాలి.

ఏలూరులో ఇంజనీరింగ్ కలిసి చదివిన ఎనిమిది మందిమి. ముగ్గురం హైదరాబాదు, ఇద్దరు బెంగుళూరు, ఒకడు డాలస్. తాడేపల్లిగూడెం వాడు నాన్నగారి ఉల్లిపాయల కమీషన్ కొట్టు చూసుకుంటున్నాడు, కైకలూరు వాడు చెరువులు లీజుకి తీసుకుని చేపలు పెంచుతున్నాడు. అందరం ఒకర్నొకరం ఊరి పేర్లతోనే పిలుచుకుంటాం. ప్రతి ఐపీఎల్‌కీ ముందు వీడియో కాల్‌లో కూర్చుని వేలం పెట్టుకుంటాం. తలా వంద కోట్లు. పదిహేను మందిని కొనాలి, వారం వారం అందులో పదకొండు మందిని దించాలి, మిగతావాళ్ళు బెంచి. వాళ్ళు నిజం మ్యాచ్‌లో ఏం చేస్తే దానికి పాయింట్లు. లెక్కంతా ఒక షీటులో ఉంటుంది, ఆ షీటు రాసింది నేనే. డబ్బు మాత్రం లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేశాక డ్రీమ్ ఎలెవన్ దేశమంతటా నగదు పోటీలు ఆపేసింది. మాకు అవేవీ తగల్లేదు. ఓడినవాడు సంక్రాంతికి అందరికీ భోజనం పెట్టాలి, అంతే. అయినా, ఒట్టు, ఆఫీసులో ప్రొడక్షన్ పడిపోయిన రాత్రుల్లో కూడా నాకు అంత టెన్షన్ ఉండదు.

ఈ ఆటకి పుట్టిల్లు అమెరికన్ బేస్‌బాల్. పుట్టించినవాళ్ళు ఎక్కువమంది పత్రికల వాళ్ళూ, పుస్తకాల వాళ్ళూ. డేనియల్ ఓక్రెంట్ అనే ఎడిటర్, ఆయన మిత్రులూ కలిసి 1980లో మొదటి లీగ్ మొదలుపెట్టారు. న్యూయార్క్‌లో వాళ్ళు భోజనానికి కూడే లా రోటిసరీ ఫ్రాన్సేజ్ అనే రెస్టారెంటు పేరే దానికి పెట్టారు. ఆట కనిపెట్టిన ఓక్రెంట్ ఆ లీగ్‌ని ఒక్కసారీ గెలవలేదంటారు. సాహిత్యం వాళ్ళు మొదలుపెట్టిన ఆటని ఇప్పుడు మా బోటి కంప్యూటర్ వాళ్ళు లెక్కలతో నింపేశారు. అయినా ప్రతి వేలంలోనూ లెక్కకి లొంగని ప్రశ్న ఒకటి వస్తుంది: గొప్ప ఆటగాడే, కానీ ఒంట్లో దెబ్బ ఉంది, తీసుకోవాలా వద్దా?

షమీ విషయంలో ఆ ప్రశ్న ఎలా వచ్చిందో చూడండి. 2023 ఐపీఎల్‌లో 28 వికెట్లు, పర్పుల్ క్యాప్. అదే ఏడు వరల్డ్ కప్‌లో ఏడు మ్యాచ్‌లే ఆడి 24 వికెట్లు, టోర్నీలో అందరికంటే ఎక్కువ. ఆ తర్వాత ఏడాది పాటు మనిషి మైదానంలో లేడు. 2024 ఫిబ్రవరిలో ఆపరేషన్, ఆ ఐపీఎల్ మొత్తం పోయింది. నవంబరులో ఇండోర్‌లో బెంగాల్ తరఫున రంజీ మ్యాచ్‌తో తిరిగొచ్చి ఏడు వికెట్లు తీశాడు. వారం పది రోజులకే జెడ్డాలో వేలం. మన సన్‌రైజర్స్ పది కోట్లకి కొన్నారు. ఫిబ్రవరిలో ఛాంపియన్స్ ట్రోఫీ మొదటి మ్యాచ్‌లోనే బంగ్లాదేశ్ మీద ఐదు వికెట్లు. మార్చిలో మేం వేలానికి కూర్చునేసరికి కథ సిద్ధంగా ఉంది. పడ్డాడు, లేచాడు, ఇక మన ఊరి జట్టుకి ఆడబోతున్నాడు.

నా దగ్గర లెక్క కూడా ఉంది. దెబ్బ తగిలే ఆటగాణ్ణి కొనడంలో జనం చేసే మొదటి పొరపాటు, అతను ఆడని మ్యాచ్‌లకి సున్నా వేసుకోవడం. సున్నా కాదు కదా, ఆ రోజు బెంచి మీది వాడు ఆడతాడు. మ్యాచ్‌కి అరవై పాయింట్లు తెచ్చే స్టార్ ఒకడు, ఇరవై ఐదు తెచ్చే బెంచివాడు ఒకడు అనుకోండి. పక్కవాడి దగ్గర ఏ దెబ్బా లేకుండా పద్నాలుగు మ్యాచ్‌లూ నలభై రెండు చొప్పున తెచ్చే బుద్ధిమంతుడున్నాడు. బుద్ధిమంతుడి మొత్తం 588. మన స్టార్ ఏడంటే ఏడు మ్యాచ్‌లు ఆడినా, మిగతా ఏడూ బెంచివాడితో నెట్టుకొచ్చినా 595. సగం సీజన్ మంచం మీదున్నా లాభమే! ఈ లెక్క చూపిస్తే ఎవరైనా దెబ్బ తిన్నవాణ్ణే కొంటారు.

డాలస్ వాడు ఈ లెక్కతోనే బుమ్రాని కొన్నాడు. జనవరిలో సిడ్నీ టెస్టు మధ్యలో నడుం పట్టేసి గ్రౌండ్ వదిలి వెళ్ళిన బుమ్రా, ఐపీఎల్‌లో ముంబయికి మొదటి నాలుగు మ్యాచ్‌లు ఆడలేదు. తర్వాత వచ్చి పన్నెండు మ్యాచ్‌లలో 18 వికెట్లు తీశాడు, ఓవరుకి ఏడు పరుగులు కూడా ఇవ్వలేదు. లెక్క అక్షరాలా నిజమైంది. భీమడోలు వాడు జోఫ్రా ఆర్చర్‌ని కొన్నాడు. ఆర్చర్ చరిత్ర తెలిసిందే: 2022లో ఆ సీజన్ ఆడడని తెలిసి కూడా ముంబయి ఎనిమిది కోట్లు పెట్టింది, మరుసటేడు అయిదు మ్యాచ్‌లు ఆడి ఇంటికెళ్ళిపోయాడు. ఈసారి రాజస్థాన్‌కి. మార్చి 23న ఉప్పల్‌లో మనవాళ్ళు అతని నాలుగు ఓవర్లలో 76 పరుగులు పిండారు. ఐపీఎల్ చరిత్రలోనే అంత ఖరీదైన స్పెల్ లేదు. భీమడోలు వాడు ఆ రాత్రి ఫోన్ ఎత్తలేదు. రెండు వారాలకి పంజాబ్ మీద అదే ఆర్చర్ 25 పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు.

ఇక నా షమీ. ఏప్రిల్ 12న అదే ఉప్పల్‌లో పంజాబ్ మీద నాలుగు ఓవర్లు, 75 పరుగులు, వికెట్ లేదు. ఆఖరి నాలుగు బంతులూ స్టాయినిస్ సిక్సులు కొట్టాడు. ఆ తర్వాత అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 కొట్టి 246 టార్గెట్ లేపేశాడు కాబట్టి ఊరంతా పండగ. సన్‌రైజర్స్ అభిమానిగా నేనూ ఎగిరాను, షమీ ఓనరుగా మాడిపోయాను. మొత్తం సీజన్‌లో తొమ్మిది మ్యాచ్‌లు, ఆరు వికెట్లు, ఓవరుకి పదకొండుకి పైన. వాటిలో ఒక వికెట్ చెన్నైలో మ్యాచ్ మొదటి బంతికే వచ్చింది, మన గుంటూరు కుర్రాడు షేక్ రషీద్‌ది. ఆ ఒక్క బంతి చూసి ఇంకో రెండు వారాలు షమీని దించుతూనే ఉన్నాను.

నా లెక్కలో తప్పెక్కడుందో కైకలూరు వాడు చెప్పాడు. వాడు వేలంలో దెబ్బ తిన్నవాళ్ళ జోలికే వెళ్ళడు, అందరం పిరికివాడంటాం. వాడన్నది ఇది: "చచ్చిన చేప నష్టం ఒక్కసారే మావా. లెక్క రాసుకుని ఊరుకుంటాం. బతికుండి, రోజూ మేత తింటూ, బరువు పెరగని చేప ఉంటుంది చూడు, చెరువుని ముంచేది అదే. పైకి చూస్తే ఈదుతూనే ఉంటది." నేను షమీ ఆడని మ్యాచ్‌లకి లెక్క వేసుకున్నాను. అతను ఆడుతూ, మునుపటిలా లేకపోతే ఏం చేయాలన్నది షీటులో లేదు. రానివాడి బదులు బెంచివాణ్ణి దించుతాం. వచ్చినవాణ్ణి, అందులోనూ షమీ అంతవాణ్ణి, ఎవరు కూర్చోబెడతారు? బుమ్రా లేని నాలుగు మ్యాచ్‌ల కంటే షమీ ఉన్న తొమ్మిది మ్యాచ్‌లు నాకు ఎక్కువ ఖరీదయ్యాయి. కైకలూరు వాడికి చెరువు గట్టు మీద తెలిసిన విషయం నాకు తెలియడానికి ఒక సీజన్ పట్టింది.

ఇంకో చిన్న నేరం కూడా ఒప్పుకోవాలి. నా షీటులో రిస్క్ అని ఒక గడి ఉంది. ఏడాదిలో ఆరు నెలలకి పైగా ఆటకి దూరమైన ఫాస్ట్ బౌలర్‌కి అది దానంతటదే ఎర్రగా మారుతుంది, ఆ సూత్రం రాసింది నేనే. షమీ గడి ఎర్రబడింది. వేలానికి ముందు దాన్ని చేత్తో పసుపు చేశాను.

ఏప్రిల్ 12 రాత్రి గ్రూపులో అందరూ అభిషేక్ బొమ్మలు పెడుతుంటే, గూడెం వాడు నాకు ఒక్క లైను పెట్టాడు: "మావా, వాడికి కాలు, నాకు గుండె. కాలుకి పద్నాలుగు కోట్లా?" నవ్వు బొమ్మ పెట్టి పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

జెర్సీ మళ్ళీ చూసింది ఆ వారంలోనే. గౌతమ్ తిన్ననూరి తీసిన ఈ సినిమా 2019 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు దీనికే. కథ మీకందరికీ తెలుసు కాబట్టి దాచను. అర్జున్ మంచి రంజీ బ్యాట్స్‌మన్, ఇరవై ఆరేళ్ళకి ఆట మానేస్తాడు. పదేళ్ళ తర్వాత ఉద్యోగం లేక, కొడుకు అడిగిన జెర్సీ కొనడానికి ఐదు వందలు లేక, మళ్ళీ బ్యాట్ పడతాడు. హైదరాబాద్‌ని రంజీ ఫైనల్లో గెలిపిస్తాడు, చనిపోతాడు. చివర్లో తెలుస్తుంది, అతనికి గుండె లయ తప్పే జబ్బుందని, అప్పట్లో ఆట వదిలేసింది అందుకేనని, ఈసారి తెలిసే ఆడాడని.

విడుదలైనప్పుడు నేనూ ఏడ్చాను. రైల్వే స్టేషన్‌లో నాని అరుపు చూసి ఏడవని మనిషితో నాకు స్నేహం కుదరదు. కానీ బయటికొచ్చి ఒక అభ్యంతరం పెట్టుకున్నాను, ఆరేళ్ళు దాన్నే పట్టుకుని ఉన్నాను. సినిమా మన దగ్గర మెడికల్ రిపోర్టు దాచింది. అర్జున్ తిరిగొస్తానంటే అందరూ అడిగేది వయసు గురించే. ముప్ఫై ఆరేళ్ళకి రంజీనా? మనమూ ఆ ప్రశ్నలోనే ఇరుక్కుంటాం. అతను రొప్పుతుంటే వయసనుకుంటాం, ఇంట్లో ముడుచుకుని కూర్చుంటే బద్ధకం అనుకుంటాం. చివరి పది నిమిషాల్లో ఆ రిపోర్టు బయటపెట్టి, అప్పటిదాకా చూసిందంతా దర్శకుడు వెనక్కి తిప్పి త్యాగం అని రాసేస్తాడు. వేలం భాషలో చెప్పాలంటే, రిస్క్ గడి ఎర్రగా ఉందని తెలిసి కూడా మనకి పసుపు చూపించాడు. మనం సంతోషంగా కొన్నాం. ఇది ప్రేక్షకుడితో నిజాయితీ లేని బేరం అని ఒక స్నేహితుడితో పెద్ద వాదన కూడా పెట్టుకున్నాను.

దీని పక్కన బెర్నార్డ్ మాలమూడ్ 1952లో రాసిన ద నేచురల్ పెట్టి చూడండి. రాయ్ హాబ్స్ పంతొమ్మిదేళ్ళ అద్భుతం. సెలెక్షన్‌కి వెళ్తుంటే దారిలో పరిచయమైన ఒకామె హోటల్ గదిలో తుపాకీతో కాలుస్తుంది. పదిహేనేళ్ళు మాయమై, ముప్ఫై నాలుగేళ్ళకి న్యూయార్క్ నైట్స్ అనే ఓడిపోతున్న జట్టులో తేలతాడు. మేనేజర్ పాప్ ఫిషర్‌కి ఈ ముసలి కొత్తవాణ్ణి దించడం ఇష్టముండదు. రోజూ దించాల్సి వచ్చేది ఆ జట్టు స్టార్ బంప్ బెయిలీ క్యాచ్ కోసం పరిగెత్తి గోడకి గుద్దుకుని చనిపోయినప్పుడు. బెంచివాడి కథ ఇంత కిరాతకంగా మొదలవడం నేను ఇంకెక్కడా చదవలేదు. ఆఖర్న రాయ్ ఒంట్లోనే జబ్బు బయటపడుతుంది. డాక్టరు ఇక ఆట మానేయమంటాడు. అక్కడే మాలమూడ్ ఎవరూ కోరుకోని పని చేస్తాడు. రాయ్ ఓడిపోవడానికి లంచం ఒప్పుకుంటాడు. ఆట మధ్యలో మనసు మార్చుకుంటాడు గానీ అప్పటికి ఆలస్యమైపోతుంది. ఆఖరి బంతికి అవుట్.

1984లో బారీ లెవిన్సన్ దీన్ని రాబర్ట్ రెడ్‌ఫోర్డ్‌తో సినిమా తీశాడు. అందులో రాయ్ ఓడడు. కొట్టిన బంతి స్టేడియం లైట్లకి తగిలి నిప్పురవ్వలు వర్షంలా కురుస్తాయి. ఎక్కువమంది గుర్తుపెట్టుకున్నది ఆ రవ్వల్నే. ఎందుకో నాకిప్పుడు బాగా తెలుసు. దెబ్బ తిన్నవాణ్ణి కొన్న ప్రతివాడూ కొనేది ఆ రవ్వల్ని. అరవై పాయింట్లూ, ఇరవై ఐదు పాయింట్లూ అన్నీ మనకి మనం చెప్పుకునే సాకులు. వేలంలో బుద్ధిమంతుడికి నలభై రెండు పాయింట్ల విలువే ఉంటుంది. షమీకి పాయింట్లతో పాటు కథ విలువ కూడా ఉంటుంది. అతను లేచి నిలబడ్డ రోజున, నేను ముందే నమ్మాను అని చెప్పుకునే హక్కు ఉంటుంది. నేను పద్నాలుగు కోట్లలో కనీసం నాలుగు కోట్లు దానికే పెట్టానని ఇప్పుడు అనిపిస్తోంది.

జెర్సీ ఈ రెండు ముగింపుల నుంచీ చెరో సగం తీసుకుంది. ఒళ్ళు పుస్తకంలోలా ఓడిపోతుంది, మ్యాచ్ సినిమాలోలా గెలుస్తారు. తెలివైన ఎంపికే, కానీ దాని వల్ల ఒక నష్టం జరిగింది. గెలుపు ఉండేసరికి చావు ఒక ధరలా కనిపిస్తుంది, ధర కట్టాక సరుకు ముట్టినట్టు మనం తృప్తిగా లేస్తాం. అదే అర్జున్ ఫైనల్లో సున్నాకి అవుటై, తర్వాత చనిపోయి ఉంటే? అతని నిర్ణయం అప్పుడూ అంతే గొప్పదా? సినిమా ఆ ప్రశ్న దగ్గరికి వెళ్ళదు. మాలమూడ్ అక్కడే కూర్చుంటాడు. ఈ ఒక్క విషయంలో నా పాత అభిప్రాయం ఇంకా గట్టిపడింది.

రెండో నవల రాబర్ట్ కూవర్‌ది, 1968లో వచ్చింది. పేరు చాలా పొడుగు, యూనివర్సల్ బేస్‌బాల్ అసోసియేషన్ అనుకుందాం. ఓక్రెంట్ లీగ్‌కి పన్నెండేళ్ళ ముందే కూవర్ ఈ పిచ్చిని పట్టుకున్నాడు. హెన్రీ వా అనే యాభై ఆరేళ్ళ అకౌంటెంట్, రాత్రుళ్ళు వంటింటి బల్ల దగ్గర మూడు పాచికలతో ఒక లీగ్ నడుపుతుంటాడు. ఎనిమిది జట్లు, ఆటగాళ్ళ పుట్టుకలు, చావులు, ఎన్నికలు, పాటలు, అన్నీ రిజిస్టర్లలో. మేం ఎనిమిది మందిమీ నిజం మనుషుల వీపుల మీద ఆడితే, హెన్రీ మనుషుల్ని కూడా తనే పుట్టిస్తాడు. డేమన్ రూథర్‌ఫర్డ్ అనే కుర్ర బౌలర్ ఒక మచ్చలేని మ్యాచ్ వేస్తాడు, హెన్రీ కొడుకుని చూసుకున్నట్టు మురిసిపోతాడు. తర్వాత ఒక ఆటలో పాచికలు వరసగా మూడు సార్లు ఒకట్లే పడతాయి. అలా పడితే ఏం జరగాలో హెన్రీయే ఎప్పుడో ఒక పట్టికలో రాసిపెట్టుకున్నాడు: బంతి తలకి తగిలి బ్యాట్స్‌మన్ చనిపోవాలి. ఆ సమయానికి బ్యాట్ పట్టుకున్నది డేమన్.

మొదటిసారి, ఇంజనీరింగ్ అయిన కొత్తలో, ఈ నవల దేవుడి గురించి అనుకున్నాను. హెన్రీ పేరులోనే యెహోవా దాక్కున్నాడని విమర్శకులు చెప్పేదే కదా. ఈసారి పట్టికే కనిపించింది. ఆ చావు గడి రాసినప్పుడు హెన్రీకి దాని మీద అభ్యంతరం లేదు. ఎవరో ఒకరికి ఎప్పుడో పడుతుంది, ఆటకి ఉప్పూకారం. తన కుర్రాడికి పడేసరికి తట్టుకోలేకపోయాడు. ఆఖరికి, బంతి వేసి డేమన్ని చంపిన జాక్ కేసీ మీద పగతో, పాచికల్ని విసరకుండా తనే చేత్తో ఆరు ఆరు ఆరు అని పేర్చి పెడతాడు. కేసీ చచ్చిపోతాడు. నవలలో నన్ను బాగా భయపెట్టిన చోటు అదే. తన సూత్రాన్ని తనే చేత్తో మార్చుకున్న మనిషి. నా షీటులోని పసుపు గడి గుర్తొచ్చి పుస్తకం పక్కన పెట్టాను.

పసుపు ఒక్కటే అయితే ఇదంతా రాసేవాణ్ణి కాదు. ముక్కనుమ నాడు గూడెం వాడి విషయంలో ఏ షీటూ తెరవలేదు. ఎప్పుడు స్టెంట్ వేశారు, డాక్టరేమన్నాడు, ఇప్పుడు ఎంత దూరం నడుస్తున్నాడు, ఒక్క ముక్క అడగలేదు. షమీ చీలమండ గురించి మూడు రాత్రులు చదివాను. మా వాడి గుండె గురించి మూడు సెకన్లలో తేల్చేశాను. "నువ్వు అంపైర్రా, రెస్ట్ తీసుకో" అన్నాను. అది ప్రేమే అనుకున్నాను. అందరూ అలాగే అనుకున్నారు.

చిన్నప్పుడు ఆటకి పనికిరాని పిల్లాడొస్తే ఏం చేసేవాళ్ళమో గుర్తుందా? పొమ్మనం. ఆటలో అరటిపండు అనేవాళ్ళం. పరిగెత్తొచ్చు, బంతి ముట్టుకోవచ్చు, అవుటైనా అవుట్ కాదు, కొట్టినా లెక్కలోకి రాదు. పెద్దవాళ్ళు దీన్ని దయ అంటారు. అరటిపండుగా ఉన్నవాణ్ణి అడగాలి అది ఏమిటో. ఆఫీసుల్లో దీనికి వేరే పేర్లున్నాయి, మీలో కొందరికి తెలిసే ఉంటాయి, లాంగ్ లీవ్ తర్వాత తిరిగొచ్చినవాడికి ఎవరూ ఏ పనీ అప్పజెప్పకుండా బోలెడంత మర్యాద చేస్తారే, అదే.

మే నెలలో ఊరెళ్ళినప్పుడు గూడెంలో దిగి వాడి కొట్టుకి వెళ్ళాను. మధ్యాహ్నం, మార్కెట్ అంతా ఉల్లి ఘాటు. జెర్సీ మీద నా అభ్యంతరం వాడికి చెప్పాను, రిపోర్టు దాచడం మోసం కదా అని. వాడు గుమాస్తాకి ఏదో లెక్క చెప్పి, తాపీగా అన్నాడు: "చెప్పుంటే తీసుకునేవాళ్ళేంట్రా?"

నేను సినిమా మనకెందుకు చెప్పలేదు అని అడుగుతున్నాను. వాడు అర్జున్ ఎందుకు చెప్పలేదో చెప్తున్నాడు.

"నేను చెప్పాను కదా, గ్రూపులో పెట్టాను. ఏమైంది? తెల్లారేసరికి అంపైర్ని అయ్యాను. ఇంట్లో గ్యాస్ బండ ఎత్తనివ్వట్లేదు. డాక్టరు నాలుగు నెలలప్పుడే మెల్లగా పరిగెత్తొచ్చన్నాడు, గట్టిగా వెయ్యకు అన్నాడు. ఎవడైనా అడిగాడా? ఆ అర్జున్ గాడు చెప్పి ఉంటే సత్యరాజ్ కూడా గ్రౌండ్‌లోకి రానిచ్చేవాడు కాదు. నీ సినిమా అక్కడే అయిపోయేది."

దర్శకుడి తరఫున ఇంతకంటే మంచి వాదన నేను ఏ సమీక్షలోనూ చదవలేదు. అర్జున్ రహస్యాన్ని మన దగ్గర దాచడం ద్వారా సినిమా అతనికి రెండున్నర గంటలపాటు ఒక మామూలు ఆటగాడి జీవితం ఇచ్చింది. వయసైపోయింది అని తిట్టించుకునే హక్కు, అవుటైతే అవుటయ్యే హక్కు. మొదటి రీల్లోనే మనకి జబ్బు చెప్పేసి ఉంటే, ప్రతి ఫోరుకీ మన గుండె దడ చూసుకుంటూ అతన్ని సినిమా అంతా అరటిపండుగానే చూసేవాళ్ళం. అంచేత మోసం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాకపోతే అర్జున్ దాచింది కేవలం సెలెక్టర్ల దగ్గరే కాదు, రేపు నిద్ర లేవాల్సిన పిల్లాడి దగ్గర కూడా. ఆ మాట కూడా అన్నాను. గూడెం వాడు కాసేపు మాట్లాడలేదు. వాడికీ ఒక పాప ఉంది. "అందుకేగా గట్టిగా వెయ్యనంటున్నాను" అన్నాడు.

నవంబరులో సన్‌రైజర్స్ షమీని లక్నోకి ఇచ్చేశారు, అదే పది కోట్లకి. ఇంకొకరు మళ్ళీ ఆ కథ కొనుక్కున్నారు. మార్చిలో మా వేలం ఉంది. ఈసారి షీటులో ఆడని మ్యాచ్‌ల గడి తీసేసి, ఆడిన చివరి పది మ్యాచ్‌ల్లో వేసిన పూర్తి స్పెల్స్ గడి పెట్టాను. చేత్తో రంగు మార్చకుండా తాళం కూడా వేశాను, దాని పాస్‌వర్డ్ కైకలూరు వాడి దగ్గరుంది.

ఈ సంక్రాంతికి భోజనం ఖర్చు నాదే అయింది, చివరి స్థానం కదా. ముక్కనుమ నాడు మళ్ళీ అదే చెరువు. పట్టుబడి అయిపోయి, నీళ్ళు తోడేసి, అడుగు నెర్రెలిచ్చి ఉంది. చుట్టూ గట్టే బౌండరీ. గట్టు అవతల నీళ్ళున్న చెరువు, దాని మీద కొంగలు. కెప్టెన్లం నేనూ కైకలూరు వాడూ. పేర్లు పిలిచి పంచుకోవడం వద్దు, చిన్నప్పటిలాగా చేద్దాం అన్నాడు గూడెం వాడు. ఇద్దరిద్దరు దూరంగా వెళ్ళి చెవుల్లో పేర్లు పెట్టుకుని రావాలి, ఎవరు ఏ పేరో కెప్టెన్‌కి తెలియకూడదు. వాడూ భీమడోలు వాడూ భుజాల మీద చేతులేసుకుని గట్టు దాకా వెళ్ళి వచ్చారు.

"శీలావతి కావాలా, బొచ్చె కావాలా?"

భీమడోలు వాడు నిరుడు యాభై కొట్టాడు. ఇద్దరి మొహాలూ చూశాను, ఏమీ తెలియలేదు.

బొచ్చె అన్నాను. గూడెం వాడు నా వైపు నడిచొచ్చి కొత్త బంతి అడిగాడు. టెన్నిస్ బంతికి కొత్తేంటి, పాతేంటి అన్నాను. నాలుగడుగుల రనప్‌తో వేశాడు. రెండో బంతి గట్టు దాటి పక్క చెరువులో పడింది. తెచ్చుకోడానికి కైకలూరు వాడి పడవ దింపాల్సి వచ్చింది.